ఐసు చొక్కా సంగతి

బల్లార్‌పూర్,
మే నెల, ఆదివారం ఉదయం

ప్రియమైన బావా,

నీ ఉత్తరం ఫిబ్రవరిలో అందింది, జవాబు మే నెలలో రాస్తున్నాను. హాస్టల్‌లో నాకు 'రెండో బకెట్టు' అని పేరు తెచ్చిన సాకులు చెప్పే అలవాటు ఇంకా పోలేదని నువ్వు అనుకుంటావు కానీ, ఈసారి నిజంగానే ఊపిరి సలపలేదు. క్షమించు. ఇంటి సంగతులు ఒక్క ముక్కలో చెప్పేస్తాను: అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, పెద్దదాని పదో తరగతి ఫలితాల కోసం ఎదురుచూస్తున్నాము, దుకాణం నడుస్తోంది, ఎండలు నీకు తెలిసినవే. ఇక అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే దానిని ఎవరికో ఒకరికి పూర్తిగా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా అక్క కొడుకు ఆ పాత మారుతి ఎస్టీమ్‌ను పందేల ట్రాక్ మీద నడిపే కారుగా మార్చాడని కిందటి ఉత్తరంలో రాశాను. బరువు తగ్గించడానికి ఏసీ మొత్తం పీకేశాడు, లోపల ఇనుప గొట్టాల పంజరం బిగించాడు, ముందు ఒక్క డ్రైవరు సీటే మిగిల్చాడు. ఫిబ్రవరి చివరలో చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు కారును లారీలో పంపి, మేమిద్దరం మా ఊరి స్టేషను బల్లార్షాలో జీటీ ఎక్సుప్రెస్ ఎక్కాము. ఇరవై నిమిషాల చొప్పున మూడు విడతలు నడపాలి. మూడో విడత అయ్యాక వాడు కారు దిగి, హెల్మెట్ తీసి, గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ముఖం ఎర్రగా కందిపోయి, మాట తడబడింది. నేను భయపడ్డాను బావా. అక్కకు ఈనాటికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

తిరుగు రైలులో వాడు ఫోనులో ఒక వార్త చదివి వినిపించాడు. 2023లో ఖతార్‌లో జరిగిన ఫార్ములా వన్ పందెంలో ఒకడు హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నాడట, ఇంకొకడు నడపలేక మధ్యలోనే ఆగిపోయాడట. ఆ తరువాత 2025 నుంచి, పందెం జరిగే చోట ఎండ, గాలిలో తేమ కలిపి లెక్కగట్టిన వేడి 31 డిగ్రీలు దాటుతుందని వాతావరణ సూచన ఉంటే దానిని వేడి ప్రమాదంగా ప్రకటించే నిబంధన తెచ్చారు. ఆ ఏడాది సింగపూర్‌లో మొదటిసారి అలా ప్రకటించారు. 31 డిగ్రీలకే ప్రమాదమట! మే నెలలో మన ఊళ్లో 31 అంటే తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునే చలి కదా అని ఇద్దరమూ నవ్వుకున్నాము. నవ్వు అయ్యాక వాడు, "మామా, మనమూ ఏదైనా చెయ్యాలి" అన్నాడు.

నా బుద్ధి ముందు కూలర్ మీదకే పోయింది. చంద్రపూర్ జిల్లాలో పుట్టినవాడికి చల్లదనం అంటే గడ్డి తడకల మీద నీళ్లు కారడం, వెనుక ఫ్యాను తిరగడం, అంతే. ఒక చిన్న కూలర్ లాంటిది చేసి, దాని గాలిని గొట్టం ద్వారా వాడి ఛాతీ మీదకు వదిలితే సరిపోతుందని అనుకున్నాను. రెండు రోజులు దాని మీదే గడిపాను. మూడో రోజు మన కూలర్ల తాత దుకాణానికి వచ్చి, చూసి, ఒకే ఒక ప్రశ్న వేశాడు: "సముద్రం పక్కన కూలర్ పనిచేస్తుందా?" పనిచేయదు. ఇక్కడి పొడి గాలి నీటిని తాగేస్తుంది కాబట్టి చల్లబడుతుంది. అక్కడి గాలి ముందే తడిసి ఉంటుంది. పైగా వాడు వేసుకునేది మంటను తట్టుకునే మందపాటి సూటు, దాని కింద చెమట ఎంత పట్టినా ఆరే దారి లేదు. చెమట ఆరకపోతే అది ఉత్త తడే. నువ్వు సైన్సు మాస్టారివి, ఇది నీకు చెప్పనక్కరలేదు. కానీ ముప్ఫై ఏళ్లు వైర్లు కలిపిన నాకు ఇది కూలర్ల తాత చెబితే గానీ తట్టలేదు.

అప్పుడు ఐసు చొక్కా వైపు తిరిగాము. ఒంటికి అతుక్కునే బనియను మీద సన్నని గొట్టాలను వంకర టింకరగా కుట్టి ఉంచుతారు. మంచునీళ్ల డబ్బాలోంచి చిన్న పంపు ఆ గొట్టాల్లోకి నీటిని తోస్తుంది, ఒంటి వేడిని తీసుకున్న నీరు తిరిగి డబ్బాలోకి వస్తుంది. చొక్కాను పుణెలో ఒకరి దగ్గర పాతది కొన్నాము, మిగిలినదంతా మనమే. డబ్బాను పక్క సీటు ఉండే చోట నేలకు బోల్టులతో బిగించి, పైన రెండు పట్టీలు వేశాను. నీళ్లూ ఐసూ కలిసి పది కిలోలకు పైనే ఉంటుంది, గట్టిగా బ్రేకు పడినప్పుడు అది వదులైతే వాడి తలకే తగులుతుంది కాబట్టి ఆ పట్టీల విషయంలో పిసినారితనం చేయలేదు. పంపు విషయంలో చేశాను. వైపర్ నీళ్లు చిమ్మే మోటారు దుకాణంలో ఊరికే పడి ఉంది కదా అని అదే పెట్టాను. అది కొన్ని క్షణాలు చిమ్మడానికి చేసిన వస్తువు, ఆగకుండా పదిహేను నిమిషాలు తిప్పేసరికి కాలిన వాసన వచ్చి చచ్చిపోయింది. తరువాత పడవల్లో నీళ్లు తోడే 12 వోల్టుల పంపు తెప్పించి, 5 ఆంపియర్ల ఫ్యూజు, విడి స్విచ్చు పెట్టి, గొట్టాలకు ఏసీ పైపులకు తొడిగే నల్ల ఫోము తొడిగాను.

ఏప్రిల్ మొదటి వారంలో దుకాణం వెనుక ఖాళీ స్థలంలో ఎండలో కారు నిలిపి పరీక్ష పెట్టాము. ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డ తెచ్చి, గోనెసంచిలో వేసి సుత్తితో పగలగొట్టాము. సీటులో కూర్చుని స్విచ్చు వేయగానే వాడు కెవ్వున అరిచాడు, అంత చల్లగా ఉందట. బెల్టులు బిగించుకున్నాక మాత్రం, "మామా, ఏమీ రావడం లేదు" అన్నాడు. పంపు విప్పి చూశాను, బాగానే ఉంది. ఐసు ముక్క అడ్డం పడిందేమోనని జల్లెడ తీసి చూశాను, లేదు. మళ్లీ బిగించాను, నీళ్లు వచ్చాయి. బెల్టు పెట్టుకున్నాడు, ఆగాయి. అలా మధ్యాహ్నమంతా పోయింది. చివరికి తెలిసిందేమిటంటే, చొక్కాలోకి నీళ్లు వచ్చే గొట్టం సరిగ్గా భుజం బెల్టు కింద పడి నలిగిపోతోంది. మన హాస్టల్ ట్యాంకు గుర్తుకొచ్చిందా? ఆ రోజు పైపు మీద కూర్చున్నది ఎవరో నేను ఇప్పటికీ బయట పెట్టలేదు. ఆ గొట్టాన్ని నడుము పక్క నుంచి దించడంతో సమస్య తీరింది. ఇక ఎక్కడా చుక్క కారకూడదని ప్రతి అతుకుకూ ఉక్కు క్లిప్పులు వేసి, స్క్రూలు బిగించి, నా పని చూసి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం దగ్గరే ఉంది కథంతా. రెండోసారి ఇరుంగాట్టుకోట్టై వెళ్లినప్పుడు, ముందురోజు సాయంత్రం కార్లను పరీక్షించే పెద్దాయన వచ్చాడు. డబ్బా చూశాడు, పట్టీలు లాగి చూశాడు, తల ఊపాడు. తరువాత వాడిని పూర్తి సరంజామాతో కూర్చోబెట్టి, "ఇప్పుడు కారులో మంట వచ్చింది అనుకో, దిగు" అన్నాడు. వాడు చకచకా స్టీరింగు ఊడదీశాడు, బెల్టుల మీట తిప్పాడు, తలుపులోంచి ఒక్క ఉదుటున దూకాడు. దూకినవాడు దూకినట్టే సగంలో ఆగిపోయాడు. నా క్లిప్పులు, నా స్క్రూలు, నా అతుకులు ఒక్కటీ ఊడలేదు! పలుపుతాడు వేసిన లేగదూడలా తలుపులోంచి సగం బయటికి వేలాడుతూ గింజుకుంటున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వబోయాను. ఆయన మాత్రం నవ్వలేదు. చేతిలోని గడియారం చూసుకుని, నా వైపు చూసి, ఏమీ అనకుండా పక్క కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. నా చేత్తో నేనే వాడిని కారుకు కట్టేశాను కదా అని... సరే, వదిలేయి.

పక్క షెడ్డులోని కోయంబత్తూరు కుర్రాళ్లు విషయం విని, తమ దగ్గర అదనంగా ఉన్న ఒక జత కప్లింగులు, అంటే గొట్టాలను కలిపే అతుకులు, ఇచ్చారు. లాగితే చాలు, రెండు ముక్కలుగా విడిపోతాయి, విడిపోయిన క్షణంలోనే రెండు వైపులా వాటంతట అవే మూసుకుంటాయి, చుక్క నీరు కారదు. అలాంటి వస్తువు ఉంటుందని తెలియక నేను క్లిప్పులు బిగించుకుంటూ కూర్చున్నాను. వాటిని వాడి నడుము దగ్గర, బయటికి దూకే వైపే వేలాడేలా అమర్చాము. పొద్దున్న పెద్దాయన మళ్లీ దూకమన్నాడు, టప్పున ఊడింది. ఈసారి చిన్నగా నవ్వాడు.

మొదటి విడత నుంచి దిగి వాడు అన్న మొదటి మాట, "మామా, చలేస్తోంది". మరీ చల్లని నీరు తగిలితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి బయటికి రాదని అక్కడే ఒకరు చెప్పారు, అందుకే ఇప్పుడు పంపు వేగం తగ్గించే మీట పెట్టాను. విడతకు సుమారు రెండున్నర కిలోల ఐసు కరిగింది. ఐసు గ్రాముకు 80 కేలరీలు తాగుతుందని నువ్వే కదా నాకు బట్టీ పట్టించావు, ఆ లెక్కన 200 కిలోకేలరీలు. అందులో వాడి ఒంటిది ఎంతో, కారు నేల వేడి ఎంతో నువ్వే తేల్చి రాయి. మూడో విడతలో మాత్రం ఐసు అయిపోయిన సంగతి చూసుకోలేదు. డబ్బాలోని నీరు వేడెక్కి, వేడి తడిగుడ్డ కప్పినట్టు ఉందని వాడే స్విచ్చు ఆపేశాడు. ఐసు లేకపోతే ఆ చొక్కా లేకపోవడమే నయం. అయినా ఈసారి గోడ పట్టుకోలేదు, దిగి నేరుగా ఇడ్లీల దగ్గరికి నడిచాడు.

ఇప్పుడు సొంతంగా కొత్త కప్లింగులు తెప్పించాము. ఈ ఉదయం వాటితో వాడిని పది సార్లు దూకించి, నేను సెకన్లు లెక్కపెట్టాలి. ఇంకా ఆ కూలర్ల తాత మనవడి పెళ్లి సంగతి, నీ బదిలీ గురించి అడగవలసినవి... వాడు కిందనుంచి అరుస్తున్నాడు, ఐసు కరిగిపోతోందట. వెళ్తున్నాను బావా, చెల్లెమ్మను అడిగినట్టు చెప్పు.

నీ
రెండో బకెట్టు