మంత్రిగారూ, మా ఊళ్ల చరిత్ర మా చేతికివ్వండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా ఊరి చెరువు ఎవరు తవ్వించారో, గుడి మాన్యం ఎవరిచ్చారో మా పెద్దల నోట నేనెన్నడూ వినలేదు. ఆ సంగతులు తెలిసింది కాలిన్ మెకంజీ అనే స్కాట్లండు దొర పుణ్యాన. ఆయన పోయింది 1821లో!

ఈస్టిండియా కంపెనీ ఆయనకిచ్చిన పని భూములు కొలిచి పటాలు గీయడం. అంతటితో ఆగి ఉంటే అడిగేవారు లేరు. కానీ ఆయనకు ఊళ్ల కథల పిచ్చి పట్టింది. సొంత డబ్బు కూడా పోసి శాసనాలకు నకళ్లు తీయించారు, తాటాకు గ్రంథాలు కొన్నారు, ఊరూరా కరణాల కవిలెలు, అంటే పాత గ్రామ లెక్కల పుస్తకాలు, వెతికించి కైఫియత్తులు, అంటే ఊరి చరిత్రలు, రాయించారు. అడవి కొట్టి ఊరు కట్టిందెవరు, ఏ రాజు ఎవరికి అగ్రహారమిచ్చాడు, పొలిమేర రాళ్లు ఎక్కడున్నాయి, దండు దిగినప్పుడు జనం ఎటు పోయారు వంటివెన్నో వాటిలో దొరుకుతాయి. కట్టుకథలూ ఉన్నాయనుకోండి. అవీ మనవే కదా!

అయితే దొరగారికి మన భాషలు రావు. ఈ పని నడిపించింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి మనవారే. మెకంజీ పోయాక తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొస్తే, దేశీయులకు అంత సామర్థ్యం లేదంటూ కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ తోసిపుచ్చింది. చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. తరువాత శిథిలమవుతున్న ఆ రాతలకు మళ్లీ నకళ్లు రాయించడానికీ సి.పి. బ్రౌన్ అనే మరో దొరే పూనుకోవలసి వచ్చింది.

ఇప్పుడు ప్రభుత్వం మనది. బ్రౌన్ పేరిట కడపలో ఉన్న పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. అన్ని జిల్లాలకూ అదే పని జరగాలి. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నవాటి కోసం తమిళనాడు ప్రభుత్వంతో మాట్లాడండి. డిజిటల్ ప్రతులు తెప్పించి, ఊరి పేరు కొడితే ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టించండి. ప్రతి హైస్కూలుకూ ఆ మండలం కైఫియత్తులు అచ్చులో పంపండి.

వాటితోపాటు పాత రెవెన్యూ మాటలకు అర్థాలు కూడా ఇవ్వాలి. కుచ్చెల అంటే ఎంత నేలో, శ్రోత్రియం అంటే ఏ రకం ఈనామో ఈనాటి పిల్లలకు తెలియదు. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. ఆ లెక్కలు స్వయంగా రాసినవారిలో మిగిలినవారు ఇప్పుడు ముదిమిలో ఉన్నారు. ముందు వారిని కూర్చోబెట్టి ఆ అర్థాలు రాయించండి. అచ్చుపని ఆ తరువాత మొదలుపెట్టినా ఫరవాలేదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు