నాచు డీజిల్ ప్రయోగశాల మా తీరంలో పెట్టండి, తాళం మాత్రం వేయకండి

సంపాదకుడు గారికి,

నాచు నుంచి డీజిల్ తీయొచ్చన్న వార్త ఏడాదికి ఒకటి రెండుసార్లయినా పత్రికల్లో కనిపిస్తుంది. పక్కనే గాజు సీసాలో పచ్చటి నీళ్ల ఫొటో ఉంటుంది. ఇరవై ఏళ్లుగా రొయ్య పిల్లల హేచరీలో ఆల్గే సెక్షన్ చూస్తున్నవాణ్ని, ఆ ఫొటో చూస్తే నాకు నవ్వొస్తుంది. సీసాలో ఎవరైనా పెంచుతారు. అదే నాచు పెద్ద ట్యాంకులోకి వెళ్లి ఎండకీ వానకీ తట్టుకుని నెల రోజులు నిలబడితే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

పుస్తకాల్లో సూక్ష్మ శైవలాలు అని రాస్తారు, మేం ఆల్గే అనే అంటాం. రొయ్య పిల్లలకు మేతగా మా దగ్గర పెంచేది ఎక్కువగా కీటోసెరాస్, తలసియోసిరా అనే రకాలు. ఫ్లాస్కులో మొదలుపెట్టి కార్బాయ్ అనే పెద్ద క్యాన్‌కి, అక్కడి నుంచి టబ్బుకి, ఆ తర్వాత బయటి ట్యాంకుకి ఎక్కిస్తాం. అప్పుడే పొదిగిన రొయ్య పిల్ల (నాప్లి) మేత తినే తర్వాతి దశకు (జోయా) వచ్చేసరికి కీటోసెరాస్ తయారుగా లేకపోతే ఆ బ్యాచ్ మీద ఆశ వదులుకోవాల్సిందే. రాత్రికి రాత్రి కల్చర్ క్రాష్ అయితే, అంటే పెంచుతున్న నాచంతా ఒక్కసారిగా చచ్చిపోతే, పక్క హేచరీకి బైకు మీద వెళ్లి, ఇరవై లీటర్ల కార్బాయ్ ఒళ్లో పెట్టుకుని విత్తనంగా వేసే నాచు స్టాక్ తెచ్చుకున్న రోజులు ఎన్నో. ఆ టెన్షన్ పడ్డవాడికే తెలుస్తుంది.

డీజిల్ సంగతికి వస్తే, ఒక చిన్న లెక్క. లోతు తక్కువ ఉన్న చెరువులో చక్రంతో నీళ్లు తిప్పుతూ పెంచితే, బాగా పండిన రోజుల్లో చదరపు మీటరుకు సుమారు 20 గ్రాముల ఎండు నాచు వస్తుందనుకుందాం. ఎకరానికి రోజుకు 80 కిలోలు. అందులో నాలుగో వంతు నూనె అనుకుంటే 20 కిలోలు, అంటే 22 లీటర్లకు అటూ ఇటూ. కానీ లీటరు నీటిలో ఉండేది అర గ్రాము నాచే అయితే, ఆ 22 లీటర్ల కోసం లక్షా అరవై వేల లీటర్ల నీళ్లు వడకట్టాలి! కరెంటు ఖర్చు మీరే ఊహించుకోండి. పైగా నూనె పెరగాలని నత్రజని తగ్గిస్తే నాచు ఎదగడం ఆగిపోతుంది. ఎక్సాన్ మొబిల్ అంతటి కంపెనీ 60 కోట్ల డాలర్ల దాకా పెడతామని 2009లో ప్రకటించి, 2023 నాటికి పక్కకు తప్పుకుంది.

అందుకని ఈ పని వదిలేయమని నేననను. మన దగ్గర భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 2012లో నాచు బయోడీజిల్‌తో కారు నడిపి చూపించింది కూడా. నేననేది ఏ కంపెనీకీ, ఏ కాలేజీకీ విడిగా ఇది అయ్యే పని కాదని, అందరూ కలిసి వాడుకునే ప్రయోగశాల కావాలని. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో 2011లో ఆల్గేపార్క్ తెరిచారు. నాచు పెంచే నాలుగు రకాల ఏర్పాట్లు, తెరిచి ఉన్న చెరువు, అడ్డ గొట్టాలు, నిలువు గొట్టాలు, పలకల్లాంటి సన్నని తొట్టెలు, ఒక్కోటీ 24 చదరపు మీటర్లు, పక్కపక్కనే ఒకే ఎండ కింద పెట్టి ఏది నయమో తేల్చారు. అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ముందుండి హవాయి, కాలిఫోర్నియా, జార్జియా, ఫ్లోరిడాల్లోని చెరువులను కలిపింది. అన్నిచోట్లా ఒకే పద్ధతిలో ఒకే రకం నాచు పెంచి, వచ్చిన అంకెలను అందరి ముందూ పెట్టారు. బయటివాళ్లు కూడా వచ్చి ప్రయోగం చేసుకునే వీలుండేది. మనకు కావలసింది అదే.

అమెరికాలోనే ఇంకో అనుభవం ఉంది, నాకు మరీ దగ్గరగా తోచినది. 1978 నుంచి 1996 వరకు ప్రభుత్వ డబ్బుతో నడిచిన నాచు ఇంధన కార్యక్రమంలో దాదాపు 3,000 రకాలు సేకరించారు. వాటిలో మంచివి 300 దాకా ఏరి, కార్యక్రమం మూతపడ్డాక హవాయి విశ్వవిద్యాలయానికి అప్పగించారు. తర్వాత వాటిలో చాలా పోయాయి. మా సెక్షన్‌లో కుర్రాడు నాలుగు రోజులు సెలవు పెడితేనే స్టాకు పాడవుతుంది. భవనం కట్టేస్తే సరిపోదు, పండగ రోజు కూడా ఫ్లాస్కు మార్చేవాడికి నెల నెలా జీతం రావాలి.

అలాంటి చేతులు ఎక్కడున్నాయి? భీమిలి నుంచి తొండంగి, ఉప్పాడ మీదుగా నెల్లూరు దాకా ఉన్న హేచరీల్లో ఉన్నాయి. డిగ్రీ పెద్దగా లేకపోయినా, నీటి రంగు చూసి రేపు ఏమవుతుందో చెప్పే మనుషులు. తుపానులూ, వానలకు ఉప్పదనం పడిపోవడమూ మా ఇబ్బందులు, నిజమే. ప్రయోగం ఆ ఇబ్బందుల మధ్య జరిగితేనే అంకెలు నమ్మవచ్చు. ఉమ్మడి సౌకర్యం మాకు కొత్తేమీ కాదు. 2009లో వనామి అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చినప్పటి నుంచి విదేశీ తల్లి రొయ్యలు చెన్నైలోని ఉమ్మడి క్వారంటైన్ కేంద్రం మీదుగానే మా హేచరీలకు వస్తున్నాయి.

మొన్నామధ్య మా నాచులో నూనె ఎంతుందో చూడమని ఒక ప్రభుత్వ ల్యాబుకు శాంపిల్ పట్టుకెళ్లాను. బయటివాళ్లకు చేయం అన్నారు. ఫీజు కడతానన్నా రేటు పట్టికే లేదన్నారు. యంత్రం మీద గుడ్డ కప్పి ఉంది. బయోడీజిల్ కోసం జట్రోపా మొక్కలు నాటమని ఊరూరా చెప్పిన రోజులూ గుర్తున్నాయి, ముందు నాటించారు, మన నేలలో ఎంత గింజ వస్తుందో తర్వాత చూశారు.

2018 జీవ ఇంధన విధానంలో నాచు పేరుంది, 2030కి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలన్న లక్ష్యమూ ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన బయో ఈ3 అనే జీవ సాంకేతిక విధానం ఉమ్మడి బయోఫౌండ్రీల గురించి, అంటే జీవ పద్ధతులను పెద్ద ఎత్తున పరీక్షించి చూసే కేంద్రాల గురించి మాట్లాడుతోంది. రాష్ట్రం అడగాల్సిన సమయం ఇది. కాకినాడ తీరంలో నాలుగైదు ఎకరాలు, చిన్నా పెద్దా చెరువులు, నాచు వడకట్టే యంత్రం, నూనె కొలిచే ల్యాబు చాలు మొదటికి. రేటు పట్టిక గేటు మీద రాసి ఉండాలి. విద్యార్థికీ, కంపెనీకీ, హేచరీ వాడికీ వరస ప్రకారం చెరువు ఇవ్వాలి. డీజిల్ వచ్చేలోగా హేచరీలకు శుభ్రమైన స్టాకు అమ్మితే కొంత ఖర్చు అక్కడే రాబట్టుకోవచ్చు. ఏ రోజు ఎంత పండిందో, ఏ రోజు క్రాష్ అయిందో రెండూ నెలాఖరుకల్లా బయటపెట్టాలి. క్రాష్ అయిన రోజు అంకెలే మాకు ఎక్కువ పనికొస్తాయి.

ఇట్లు,
ఒక హేచరీ టెక్నీషియన్,
తొండంగి మండలం, కాకినాడ జిల్లా