ప్రతి ఫ్లాటుకూ నీటి మీటరు కావాలి

సంపాదకుల వారికి,

ఎండలు ముదిరి, మన విశాఖకు నీరిచ్చే ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాల్లో మట్టం తగ్గితే చాలు, నీటిని పొదుపుగా వాడాలన్న విజ్ఞప్తులు వినిపిస్తాయి. అసలు ఎంత వాడుతున్నామో తెలియనివాళ్లం ఎంత తగ్గించగలం? 2018 ఆరంభంలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు ఈ సంగతి నాకు బాగా బోధపడింది.

వరుస కరవుతో ఆ నగరానికి పెద్ద ఆధారమైన థీవాటర్స్‌క్లూఫ్ జలాశయం అడుగంటగా, ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లకు మించి వాడరాదని ఆంక్ష పెట్టారు. మన నగరాలకు ప్రామాణికంగా లెక్కగట్టేది 135 లీటర్లు. షవర్ కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టుకుని అందులో నిలబడి ఒళ్లు తడుపుకోవడం, కుళాయి కట్టేసి సబ్బు రుద్దుకోవడం, గబగబా కడుక్కుని ఆ సబ్బునీళ్లనే ముంచి టాయిలెట్‌లో పోయడం ఇంటిల్లిపాదికీ అలవాటైంది. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు కుండీకి పోయేవి. (నిమిషానికి పది లీటర్ల దాకా పోసే షవర్ కంటే మన బకెట్టు, చెంబు స్నానమే నయమని మా అల్లుడుగారు కూడా చివరికి ఒప్పుకున్నారు.)

అయితే ఈ ఉపాయాలన్నిటినీ నిలబెట్టింది మీటరు. మా అమ్మాయి రోజూ పొద్దున్నే రీడింగు రాసుకునేది. తక్కువ వాడే ఇళ్లను ఆకుపచ్చ చుక్కలతో చూపే పటాన్ని నగరపాలక సంస్థ ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేలా పెట్టింది. అతిగా వాడేవారి ఇళ్లకు నీటిని నియంత్రించే పరికరాలు బిగించింది. నగర వాడకం కరవుకు ముందున్నదానిలో దాదాపు సగానికి పడిపోయింది.

పొదుపు మనకు చేతకాదని కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు కరెంటు పోయి మోటార్లు ఆగిపోయినప్పుడు విశాఖవాసులు బిందెలతోనే నెట్టుకొచ్చారు. కానీ మామూలు రోజుల్లో మా అపార్ట్‌మెంటులో కుళాయి నీళ్లు, ఉప్పుతేలిన బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు అన్నీ ఒకే సంపులో పడతాయి, ఖర్చు మెయింటెనెన్సులో అందరికీ సమానంగా పడుతుంది. ఇద్దరు వృద్ధులున్న ఇల్లూ, పైపు పెట్టి రెండు కార్లు కడిగే ఇల్లూ ఒకే మొత్తం కడుతున్నాయి.

పాత భవనాల్లో వంటింటికీ, ఒక్కో స్నానాల గదికీ వేర్వేరు గొట్టాలు దిగుతాయి కాబట్టి ఫ్లాటుకు రెండు మూడు మీటర్లు కావలసి వస్తుందని, అది ఖర్చుతో కూడిన పనని నాకు తెలుసు. అందుచేత కొత్త అపార్ట్‌మెంట్ల ప్లాన్లు మంజూరు చేసేటప్పుడు ఫ్లాటుకో మీటరు నిబంధనను కచ్చితంగా అమలు చేయాలని, పాతవాటిలో కనీసం సంపు దగ్గర మీటరు పెట్టించి నెలవారీ వాడకాన్ని నోటీసు బోర్డు మీద రాయించాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం