సమ్మె ప్రశ్నలకు ‘కీ’ ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో వచ్చే రీజనింగ్ మాదిరి ప్రశ్నలను, నల్లగొండలో నా దగ్గర చదువుకుంటున్న గ్రూప్స్ అభ్యర్థుల చేత క్రమం తప్పకుండా చేయిస్తుంటాను. లెక్కల్లోనూ కోడింగ్‌లోనూ చురుగ్గా ఉండే పిల్లలు సమ్మెలు, వేతన వివాదాల మీద వాదన ఇచ్చి ‘బలహీనపరిచేది ఏది’ అని అడిగే ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తప్పుతున్నారో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఈమధ్య ఒక గైడులో ఇలాంటి ప్రశ్న వచ్చింది. ఒక ఫ్యాక్టరీలో కార్మికులు సమ్మె చేశారు. మూడు నెలలకు యాజమాన్యం కొత్త యంత్రాలు దించి వంద మందిని తీసేసింది. కాబట్టి వాళ్ల ఉపాధి పోవడానికి సమ్మే కారణం. మిర్యాలగూడ రైస్‌మిల్లులో హమాలీగా పనిచేసే ఆయన కూతురు ‘కార్మికుల డిమాండ్లు న్యాయమైనవి’ అన్న జవాబు పెట్టింది. పక్కనున్న అబ్బాయి పెట్టిన ‘సమ్మె రోజుల్లో యాజమాన్యానికి భారీ నష్టం వచ్చింది’ అన్నది వాదనను బలహీనపరచకపోగా బలపరుస్తుంది. కీలో ఉన్నది ‘యంత్రాలకు ఆర్డరు సమ్మెకు ఆరు నెలల ముందే ఇచ్చారు’ అని. అది చూసి ఆ అమ్మాయి, “అంటే సార్, మార్కు రావాలంటే కార్మికులదే తప్పని ఒప్పుకోవాలా?” అని అడిగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒప్పుకోనక్కరలేదని ఆమెకు నచ్చజెప్పడానికి నాకు గంట పట్టింది. ఆ వాదన తేల్చిన విషయం ఉద్యోగాలు ఎందువల్ల పోయాయన్నదే గాని, డిమాండ్లు మంచివా చెడ్డవా అన్నది కాదు. ఎంత న్యాయమైన డిమాండుతో సమ్మె చేసినా ఉద్యోగం పోవచ్చు కనుక ఆమె పెట్టిన జవాబు ఆ వాదనను తాకనే తాకదు. ఆర్డరు ముందే వెళ్లిందని తెలిస్తే మాత్రం సమ్మే కారణమన్న మాట నిలవడం కష్టం. రేపు లేబర్ కోర్టులో ఆ వంద మందికి అక్కరకొచ్చేదీ ఆర్డరు తేదీ ఉన్న ఆ కాగితమే.

పెద్దవాళ్లమూ ఇక్కడే పొరబడతాం. 2019 అక్టోబరు 5న, దసరాకు మూడు రోజుల ముందు మొదలై 52 రోజులు సాగిన ఆర్టీసీ సమ్మెలో దాదాపు 48 వేల మంది కార్మికులు పాల్గొన్నారు. పండుగ పూట బస్సులు ఆపారు కాబట్టి వాళ్ల డిమాండ్లు సరైనవి కావని కొందరు, రెక్కల కష్టం చేసేవాళ్లు కాబట్టి అడిగినవన్నీ సరైనవేనని కొందరు వాదించడం బస్టాండు హోటళ్లలో రోజూ విన్నాను. సమ్మెకు ఎంచుకున్న రోజును బట్టి గాని, అడిగేవాళ్ల కష్టాన్ని బట్టి గాని డిమాండు తప్పొప్పులు తేలవు. నా మనసు కార్మికుల వైపే ఉండేది, అయినా రెండో వాదన నాకు మింగుడుపడలేదు.

తెలుగు మాధ్యమం వారికి ఇంకో చిక్కుంది. వాదనలో పైకి చెప్పకుండా నమ్ముకున్న ఆధారాన్ని చాలా గైడ్లు ‘ఊహ’ అని రాస్తున్నాయి; ఊహ అంటే ఉజ్జాయింపు అంచనా అనుకుని పిల్లలు తమకు తోచింది గుర్తిస్తున్నారు. ‘హమాలీ రేటు పెంచితే మిల్లు మూతపడుతుంది’ అన్న వాదన, మొత్తం ఖర్చులో హమాలీ కూలి పెద్ద భాగమని చెప్పకుండానే నమ్ముతోంది. బస్తాకు కూలి ఎంత, మర ఆడించి బియ్యం పంపేదాకా అయ్యే ఖర్చెంత అని అడిగితే వాదనలోని బలమెంతో బయటపడుతుంది. అంత వివరంగా కాకపోయినా ‘చెప్పని ఆధారం’ అని రాస్తే చాలు, సగం గందరగోళం తగ్గుతుంది.

గ్రూప్-1 ప్రిలిమ్స్ సిలబస్‌లో తార్కిక విశ్లేషణ కూడా ఉంది. కోచింగుకు హైదరాబాదు వెళ్లలేని మా జిల్లా పిల్లలకు మీ పేజీయే ఆధారం. కాబట్టి ఇలాంటి ప్రశ్నలు ఇచ్చినప్పుడు, సరైన జవాబు ఎందుకు సరైనదో, తక్కిన మూడూ ఎక్కడ తప్పాయో రెండేసి వాక్యాల్లో వివరించవలసిందిగా కోరుతున్నాను. స్థలం చాలకపోతే పది ప్రశ్నలకు బదులు నాలుగే ఇవ్వండి.

ఇట్లు,
ఒక రీజనింగ్ అధ్యాపకుడు,
నల్లగొండ