మన వన్‌టౌన్‌లోనూ ఇలాంటి దీపాల పండగ జరగాలి మావా

విశాఖపట్నం

మావా,

నువ్వు పంపిన వీడియోలు రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అందరం కూర్చుని చూశాం. ఆ మంచులో జనం చెవులదాకా మఫ్లర్లు చుట్టుకుని రోడ్ల మీద తిరుగుతుంటే మా అమ్మ "వీళ్లకి జలుబు చెయ్యదా నాయనా" అని ఒకటే బెంగ. నా ధ్యాసంతా లైట్ల మీదే. కెనడాలో మీ మాంట్రియల్ నడిబొడ్డున 2010 నుంచి చలికాలం వచ్చిందంటే ఈ లుమినోథెరపీ అనే దీపాల పండగ పెడుతున్నారనీ, టిక్కెట్టూ గేటూ ఏమీ ఉండవనీ రాశావు చూడు, అప్పట్నుంచి నాకు ఇంకో ఆలోచన లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఆ ఊగుడు బల్లల పాత వీడియో. 2015 చలికాలంలో ముప్ఫై బల్లలు పెట్టారన్నావే, అది. చిన్నప్పుడు మన పార్కుల్లో రెండు చివర్లా ఇద్దరం కూర్చుని ఊగేవాళ్లమే, అలాంటివే. కాకపోతే బల్లంతా లోపల్నుంచి తెల్లగా వెలుగుతోంది. ఊరికే ఉన్నప్పుడు వెలుగు తక్కువ. ఇద్దరు ఎక్కి ఊగడం మొదలుపెట్టగానే వెలుగు పెరుగుతుంది, బల్లలోని స్పీకర్లోంచి స్వరాలు వస్తాయి. నీ వీడియోలో ఒక పెద్దాయన సంచీ ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాడితో ఊగుతున్నాడు. పైకి లేచినప్పుడల్లా ఆయన బూట్లు గాల్లో ఆడుతున్నాయి. అక్కడ వీడియో ఆపి మా పిల్లలకి మళ్లీ చూపించాను. ఒక్కడు ఎక్కితే ఆ బల్ల ఊగదు, రెండోవాడు కావాల్సిందే. పక్కవాణ్ని పిలిచేలా చేసింది చూశావా, దాన్ని నేను కళ అంటాను.

ఇలాంటిది మన వైజాగ్‌లో జరిగితీరాలి. నా పట్టుదల ఒక్కటే: బీచ్‌లో వద్దు, మన పాత ఊరు వన్‌టౌన్‌లో జరగాలి.

బీచ్‌కి ఏం తక్కువ చెప్పు? ఏ ఉత్సవమైనా ఆర్కే బీచ్‌లోనే. నేవీ డే విన్యాసాలకి మధ్యాహ్నం నుంచే జనం వచ్చి ఇసుకలో చోటు పట్టుకుంటారు. చీకటి పడ్డాక సముద్రంలో లంగరేసిన యుద్ధనౌకలకి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా దీపాలు వెలిగిస్తారు కదా, అది ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. అదీ ఉచితమే, అదీ చలికాలమే. అది ఒక సాయంత్రం ముచ్చట, ఉండనీ. కానీ వారాల తరబడి వెలిగే లైట్లు ఒడ్డున పెడితే పాపం మావా. చలికాలంలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి రావడం మొదలవుతుంది. తాబేలు పిల్లలు ఇసుకలోంచి బయటికొచ్చాక ఎటు వెలుతురుంటే అటు పాకుతాయి. చీకటి ఒడ్డున ఆ వెలుతురు సముద్రం వైపే ఉంటుంది. రోడ్డు వైపు దీపాలుంటే పాపం అటే వెళ్లిపోతాయి. ఇప్పుడున్న లైట్లే వాటికి ఎక్కువ, ఇంకా కలపడం దేనికి?

వన్‌టౌన్ సంగతి వేరు. పాత పోస్టాఫీసు, టౌన్‌హాల్, కురుపాం మార్కెట్, క్వీన్ మేరీస్ స్కూలు, అన్నీ నడిచి తిరిగేంత దగ్గర. సందులు ఇరుకు కాబట్టి చిన్న వెలుగు కూడా గోడకి గోడకి మధ్య నిండుగా కనిపిస్తుంది. వైజాగ్‌లోనే పుట్టి పెరిగిన పిల్లలు కూడా చాలామంది ఆ వైపు తొంగి చూడలేదంటే నాకు కడుపు రగిలిపోతుంది.

చలికాలం అక్కడికి జనం రారని ఎవరైనా అంటే మార్గశిర గురువారం బురుజుపేట తీసుకెళ్లి నిలబెట్టాలి. అర్ధరాత్రి నుంచే కనకమహాలక్ష్మి అమ్మవారి క్యూలు. పసుపు రాసిన పాదాలు, పాల గిన్నెలు, కొబ్బరికాయలు. అమ్మవారికి పైన కప్పు లేదు, ఆకాశం కిందే ఉంటుంది. ఎవరి చేతులతో వాళ్లు పసుపు పూసి, పాలు పోసి పూజ చేసుకుంటారు. మా అమ్మ ప్రతి ఏడూ వెళ్తుంది, నేను వెనకాల బుట్ట మోస్తాను. అలా తిరిగి వచ్చేటప్పుడే అనుకుంటుంటాను, ఈ జనం పక్క వీధుల్లోంచి కూడా ఏదైనా చూసుకుంటూ వెళ్తే ఎంత బావుంటుందో అని.

ఇంకో విషయం తెలుసా? ఫ్రాన్స్‌లో లియాన్ అనే ఊరి దీపాల పండగ ప్రపంచమంతటికీ తెలుసు. దాన్ని మొదలుపెట్టింది మామూలు జనమే. 1852లో ఫూర్వియేర్ కొండ మీద మేరీమాత విగ్రహం ఆవిష్కరణ సెప్టెంబర్‌లో అనుకున్నారు. నదికి వరదొచ్చి డిసెంబర్ 8కి మార్చారు. ఆ రోజూ గాలివాన. బాణసంచా అదీ అనుకున్నది ఏదీ జరగదనుకుంటుండగా సాయంత్రానికి తెరిపిచ్చింది. జనం ఎవరింటి కిటికీలో వాళ్లు కొవ్వొత్తులు పెట్టారు. ఊరంతా వెలిగింది. ఇప్పటికీ డిసెంబర్ 8 చుట్టూనే ఆ పండగ. మన కొండగుడి మేరీమాత ఉత్సవం కూడా అదే తేదీన! ఓడరేవు కాలువ పక్కన మన మూడు కొండలు, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. ఆ మూడింటినీ కింద వీధుల్లోంచి చూసే అరుగులు నాలుగు కట్టినా సగం పండగ తయారైనట్టే.

జపాన్‌లో కోబే కూడా మనలా ఓడరేవు ఊరే. 1995 జనవరి భూకంపంలో ఆరు వేల మందికి పైగా పోయారు. ఆ డిసెంబర్‌లోనే పోయినవాళ్ల జ్ఞాపకంగా దీపాల తోరణాలు కట్టారు. అది చదివినప్పుడు నాకు 2014 అక్టోబర్, హుద్‌హుద్ తుపాను తర్వాత కరెంటు లేని ఆ రాత్రులు గుర్తొచ్చాయి. ఒక్కో వీధికి కరెంటొస్తుంటే పిల్లలు కేకలు పెట్టడం నీకూ చెప్పాను కదా ఫోన్లో.

లైట్లు ఎలా పెట్టాలో కూడా నా బుర్రలో ఉంది. మన పాత భవనాలు చాలావరకు ఖోండలైట్ రాతివి. ఆ ముదురు గోడ మీద ప్రొజెక్టర్‌తో రంగుల బొమ్మలు వేస్తే సగం వెలుగు రాయే మింగేస్తుంది. గోడకి ఆనించి కిందినుంచి ఒక్క పసుపు దీపం పైకి వేస్తే చాలు, ఉలి దెబ్బలన్నీ లేచి కనిపిస్తాయి. బొమ్మలకి సున్నం వేసిన గోడలున్నాయి. డీజే అస్సలు వద్దు. మనకి ఇంకో అదృష్టం, తూర్పు తీరం కాబట్టి డిసెంబర్‌లో ఐదున్నరకే సూర్యుడు దిగిపోతాడు. పిల్లలు చూసి, ఇంటికెళ్లి అన్నం తిని, టైమ్‌కి పడుకోవచ్చు.

టిక్కెట్టు మాత్రం పెట్టకూడదు. మనిషికి యాభై అంటే మనకి పెద్ద లెక్క కాదు. హార్బర్‌లో పని దిగి, భార్యనీ ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని వచ్చేవాడికి ఇంటిల్లిపాదికీ రెండొందలు. వాడు గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగితే వాడి వీధిలోనే వాణ్ని పరాయివాణ్ని చేసినట్టు. గేటు లేకపోతే మార్కెట్‌కి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి చూస్తాడు.

మా వార్డులో నలుగురితో మాట్లాడాను. అర్జీ రాసి కార్పొరేషన్‌లో ఇద్దామన్నారు. అందుకే నీతో పని పడింది. అక్కడ లైట్లు ఎన్నింటికి ఆపేస్తారు? వైర్లు జనం కాళ్ల కింద పడకుండా ఏం చేస్తారు? ఏదైనా పాడైతే రాత్రి ఎవరొస్తారు? చుట్టుపక్కల ఇళ్లవాళ్లు నిద్ర పాడవుతోందని గొడవ పెట్టరా? ఈసారి వెళ్లినప్పుడు లైట్లు కాదు, వాటి కింది పెట్టెలూ వైర్లూ ఫొటోలు తీసి పంపు. దగ్గర్నుంచి తియ్యి.

చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు. మా అమ్మ నీకు ఉన్ని టోపీ పెట్టుకోమని మరీమరీ చెప్పమంది.

నీ మావ