బావా, ఆ మౌస్ కాస్త పక్కన పెట్టు

శ్రీకాకుళం,
ఆదివారం

బావా,

నీ ఉత్తరం అందింది. పిల్లల చదువుల సంగతి, విజయనగరంలో కొత్త ఇంటి సంగతి చదివి చాలా సంతోషించాను. చెల్లాయిని అడిగానని చెప్పు. గంటస్తంభం దగ్గర ట్రాఫిక్ గురించి నువ్వు రాసిందంతా నిజమే గాని, మా ఏడు రోడ్ల జంక్షన్ కూడా ఏం తక్కువ తినలేదు.

చివర్లో రెండు ముక్కల్లో తేల్చేసిన విషయం మాత్రం నన్ను పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి కుడి మణికట్టు లాగేస్తోందని రాశావు. ఆ కిందే, కరెంటు పోయి కోర్టులో వేసే కౌంటర్ అఫిడవిట్ సగం మళ్లీ కొట్టాల్సొచ్చిందని రాశావు. నువ్వు వీటిని రెండు వేర్వేరు కష్టాలనుకుంటున్నావు. నాకు మాత్రం రెండింటికీ ఒకటే కారణం కనిపిస్తోంది. నువ్వు ఇంకా మౌస్ పట్టుకునే సేవ్ చేస్తున్నావు, అవునా?

రేపు ఆఫీసులో ఒక్కసారి నీ చెయ్యి గమనించు. వాక్యం అయిపోతుంది. కుడి చెయ్యి కీబోర్డు మీంచి లేచి మౌస్‌ని తడుముకుంటుంది. బాణం గుర్తు ఎక్కడుందో కళ్లు వెతుకుతాయి. దాన్ని పై మూలకి లాక్కెళ్లి ఫైల్ నొక్కాలి, తర్వాత సేవ్ నొక్కాలి. మళ్లీ చెయ్యి వెనక్కొచ్చి, ‘జె’ అక్షరం మీదుండే చిన్న గీతని వేలితో వెతుక్కోవాలి. ఈలోపు కాగితం మీద ఏ లైను దగ్గరున్నావో మర్చిపోతావు. ఇంత తతంగం ఉంది కాబట్టే, ఈ పేరా అయ్యాక చేద్దాంలే అనిపిస్తుంది. పేరా కాస్తా పేజీ అవుతుంది.

అదే కంట్రోల్ ఎస్ అయితే ఎడమ చెయ్యి ఒక్కటే చాలు. చిటికెన వేలు కంట్రోల్ మీద, ఉంగరపు వేలు ఎస్ మీద. కుడి చెయ్యి ఉన్నచోటే ఉంటుంది, కళ్లు కాగితం మీదే ఉంటాయి. మా షాపులో చేరే పిల్లలకి నేను మొదట నేర్పేది ఇదే. ఫుల్‌స్టాప్ పెట్టావా, కంట్రోల్ ఎస్ కొట్టు. కొన్నాళ్లకి వాళ్లకి తెలియకుండానే వేళ్లు కొట్టేస్తుంటాయి. పేజ్‌మేకర్‌లో పెళ్లికార్డు చేస్తున్నా, వర్డ్‌లో అర్జీ కొడుతున్నా, ఎక్సెల్‌లో లెక్క వేస్తున్నా అదే మీట. తప్పుతో సహా సేవ్ అయిపోతుందని భయపడకు. వర్డ్‌లో ఫైల్ మూసేవరకు, సేవ్ చేసిన తర్వాత కూడా కంట్రోల్ జెడ్‌తో వెనక్కి వెళ్లొచ్చు.

మన వైపు ఇది మరీ అవసరం. తిత్లీ తుఫాను సంగతి నీకు నేను చెప్పాలా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకొరిగాయి, ఎన్నో ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. కానీ తుఫాను ముందే చెప్పి వస్తుంది బావా, ఆ రోజు ఎవరూ కంప్యూటర్ ముందు కూర్చోరు. మన ఫైళ్లు పోయేది మామూలు సాయంత్రాల్లోనే. కాస్త గాలి వీస్తుంది, లైన్ ట్రిప్ అవుతుంది, బ్యాటరీ పోయిన యూపీఎస్ కుయ్యిమంటుంది, తెర నల్లబడుతుంది.

వర్డ్ తనంతట తనే దాచుకుంటుంది కదా అని మీ ఆఫీసులో ఎవరో అన్నారని రాశావు. ఆ మాట నమ్ముకోకు. ఆటోరికవర్ అనేది మామూలుగా 10 నిమిషాలకోసారి పనిచేస్తుంది. నీ వేగానికి ఆ 10 నిమిషాల్లో ఒక పేజీ అయిపోతుంది. పైన కనిపించే ఆటోసేవ్ బటన్ వేరే. అది ఫైల్ ఇంటర్నెట్‌లో దాచే వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉంటేనే పనిచేస్తుంది. మీ ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయన్నావు కాబట్టి అది మీకు పనికిరాదు.

ఇప్పుడు నీ పనికి అసలు ముఖ్యమైన మీట చెబుతాను, ఎఫ్12. నువ్వు పాత పిటిషన్ తెరిచి, పేర్లు, తేదీలు మార్చి కొత్తది తయారుచేస్తావు కదా. డాక్యుమెంట్ రైటర్లందరూ చేసేదీ అదే. ప్రమాదమంతా అక్కడే ఉంది. పాత ఫైల్లోనే పేరు మార్చి కంట్రోల్ ఎస్ కొడితే పాత క్లయింటు పిటిషన్ మాయమైపోతుంది. అందుకే ఫైల్ తెరవగానే, ఒక్క అక్షరం కూడా ముట్టుకోకముందే ఎఫ్12 కొట్టు. వేరే పేరుతో దాచుకునే సేవ్ యాజ్ పెట్టె నేరుగా వస్తుంది. ల్యాప్‌టాప్‌లో అయితే ఎఫ్ఎన్ (Fn) అనే మీట కూడా కలిపి నొక్కాల్సి రావచ్చు. పేరు రాసే గడిలో కర్సర్ సిద్ధంగా ఉంటుంది. ఫోల్డర్ల కోసం మౌస్‌తో తిరగకుండా అక్కడే డి, కోలన్, బ్యాక్‌స్లాష్ కొట్టి ఫోల్డర్ పేరు మొదలుపెట్టు, కిందనే పేర్లు వస్తాయి. కింది బాణం మీటతో ఎంచుకుని, ఇంకో బ్యాక్‌స్లాష్ కొట్టి, ఫైల్ పేరు రాసి ఎంటర్ కొట్టేయ్. పీడీఎఫ్ కావాలంటే పేరు రాశాక ట్యాబ్ కొట్టి, ఫైల్ రకం గడిలో ‘పి’ నొక్కు, పీడీఎఫ్ వస్తుంది. ఆ పేరుతో ఫైల్ ఇప్పటికే ఉందని అడిగితే మాత్రం ఆగి చదువు. అలవాటుగా ఎంటర్ కొట్టకు.

పేరు ఎలా పెట్టాలో కూడా చెప్పనీ. ఫైనల్, ఫైనల్ 2, కొత్త ఫైనల్ అని పెడితే ఆర్నెల్ల తర్వాత నీకే తెలియదు. తేదీ పెట్టు, కానీ మనం కాగితం మీద రాసినట్టు గీత గీసి కాదు, ఫైల్ పేర్లో స్లాష్‌ని విండోస్ ఒప్పుకోదు. ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు, మధ్యలో అడ్డగీతలు పెట్టు. 2025-01-09 అన్నట్టు. అప్పుడు ఫోల్డర్లో అన్నీ వరసలో నిలబడతాయి. ఇంకోటి, డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లతో తెలుగు కొడుతూ అదే ఊపులో ఫైల్ పేరు కూడా కొట్టేస్తే అక్కడ ఏవో పిచ్చి గుర్తులు పడతాయి. ముందు ఇంగ్లీషుకి మార్చుకో. విండోస్‌లో ఉన్న తెలుగు కీబోర్డుతోనే కొడుతుంటే ఆ గొడవ లేదు, కంట్రోల్ ఎస్ మామూలుగానే పనిచేస్తుంది, భాష మార్చడానికి విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే చాలు.

మూసేటప్పుడు ఆల్ట్ ఎఫ్4. సేవ్ చేయనిది ఏదైనా ఉంటే అడుగుతుంది. ‘ఎస్’ నొక్కితే సేవ్, ‘ఎన్’ నొక్కితే వద్దని, ఎస్కేప్ నొక్కితే మళ్లీ ఫైల్లోకి. ఏమాత్రం అనుమానం ఉన్నా ఎస్కేపే నొక్కు.

మౌస్ అసలు వద్దని నేననను. పెళ్లికార్డు మీద వినాయకుడి బొమ్మ సర్దాలంటే నాకూ అదే కావాలి. మౌస్ కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని అందరికీ చూపించినప్పుడు, ఆయన ఎడమ చేతి కింద అయిదు మీటల పెట్టె కూడా ఉంది. కుడి చేత్తో చోటు చూపించడం, ఎడమ చేత్తో ఆజ్ఞలివ్వడం ఆయన పద్ధతి. ఆ ఎడమచేతి సగాన్ని మనం వదిలేశామని నాకెప్పుడూ బాధగా ఉంటుంది.

చెయ్యి నొప్పి దీనితోనే పోతుందని నేను హామీ ఇవ్వలేను. కొంత భారం తగ్గుతుంది, అంతే. కుర్చీ ఎత్తు కూడా చూసుకో, మోచేయి టేబుల్ కన్నా కిందకి ఉండకూడదు. అయినా తగ్గకపోతే ఎముకల డాక్టరుకి చూపించుకో, ఈ నెల, వచ్చే నెల అని జరపకు. ఆ చేతి మీద ఇల్లు నడుస్తోంది.

రథసప్తమికి అరసవల్లి వస్తారు కదా? ముందురోజు సాయంత్రానికే వచ్చేయండి, రాత్రికి మా ఇంట్లోనే పడుకుని తెల్లవారుజామున దర్శనానికి వెళ్దాం. ల్యాప్‌టాప్ కూడా తెచ్చుకో. మీ ఆఫీసులో వర్డ్ ఏ సంవత్సరానిదో, తెలుగు దేంతో కొడుతున్నావో జవాబులో రాయి. దాన్నిబట్టి మిగతా మీటలు ఒక కాగితం మీద రాసి ఉంచుతాను.

నీ
బావ