ఆదాయపు పన్ను తగ్గింపునూ సభా సంఘం పరిశీలించాలి

సంపాదకుడు గారికి,

రూ.12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదని 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించినప్పుడు ఉద్యోగుల ఇళ్లలో కనిపించిన ఆనందం సహజమైనదే. ధరలు ఏటా పెరుగుతూ శ్లాబులు (ఎంత ఆదాయానికి ఎంత పన్ను రేటో చెప్పే మెట్లు) ఉన్నచోటే ఉండిపోతే, పెరిగిన జీతంలో ముందుగా వాటా తీసుకునేది పన్నే. ఆ ఊరట చాలా కాలం క్రితమే రావలసింది. అయితే ఇంత పెద్ద నిర్ణయం పార్లమెంటు దాటిన తీరు గురించి మాట్లాడినవారు తక్కువ. ఈ లేఖ దాని గురించే.

ఈ తగ్గింపుతో ప్రత్యక్ష పన్నుల్లో సుమారు లక్ష కోట్ల రూపాయలు వదులుకుంటున్నామని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ స్వయంగా సభలో చెప్పారు. ఈ తగ్గింపు ఉన్న ఆర్థిక బిల్లును (బడ్జెట్‌లోని పన్ను మార్పులను చట్టంగా చేసే బిల్లు) మార్చి 25న లోక్‌సభ 35 ప్రభుత్వ సవరణలతో ఆమోదించింది. 27న రాజ్యసభ మార్పులేమీ కోరకుండా దాన్ని లోక్‌సభకు తిరిగి పంపింది. 29న రాష్ట్రపతి ఆమోదం లభించింది. తేదీలు చూస్తే దాదాపు రెండు నెలలు గడిచినట్టుంది. కానీ బడ్జెట్ సమావేశాల మధ్య విరామంలో వివిధ శాఖల ఖర్చుల పద్దులను ఎంపీలతో ఏర్పడిన స్థాయీ సంఘాలు కూర్చుని పరిశీలిస్తాయి, అధికారులను పిలిచి ప్రశ్నిస్తాయి. ఆర్థిక బిల్లుకు అలాంటి పరిశీలన లేదు. ఖర్చు పెట్టే రూపాయిని సంఘం చూస్తుంది, వదులుకునే రూపాయిని చూడదు. ఇదేం పద్ధతి?

సంఘం చూస్తే ఏం ఒరుగుతుందని అడిగేవారి కోసం ఒక లెక్క చెబుతాను. మొదటి 12 లక్షలకు ఎవరికీ పన్ను లేదని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి కొత్త పన్ను విధానంలో (పాత మినహాయింపులు చాలావరకు వదులుకుని తక్కువ రేట్లు ఎంచుకునే పద్ధతి) పన్ను లేనిది రూ.4 లక్షల వరకే. ఆపైన 12 లక్షల వరకు పడే రూ.60 వేల పన్నును రిబేటు కింద కొట్టివేస్తారు. మినహాయింపులన్నీ పోగా ఒకరి ఆదాయం రూ.12.10 లక్షలు తేలిందనుకోండి. శ్లాబుల ప్రకారం పన్ను రూ.61,500. రిబేటు రాదు. 12 లక్షలు దాటిన మొత్తాన్ని మించి పన్ను పడకుండా చూసే మార్జినల్ రిలీఫ్ వల్ల అది రూ.10 వేలకు తగ్గుతుంది, పన్ను మీద వేసే సెస్ అదనం. అంటే 12 లక్షలు దాటి ఆయన సంపాదించిన పది వేలూ పన్నుకే పోయాయి. ఈ పరిస్థితి సుమారు రూ.12.70 లక్షల వరకు కొనసాగుతుంది. సెస్‌తో కలిపితే అదనంగా సంపాదించిన ప్రతి రూపాయికీ రూపాయికి మించే కట్టాలి. చిన్న ఇంక్రిమెంటో, ఓవర్‌టైమో అందుకున్న మనిషి చేతిలో చివరికి ఏమీ మిగలదు. ఇక షేర్లు అమ్మితే వచ్చే లాభంలాంటి ప్రత్యేక రేటు ఆదాయానికి ఈ రిబేటు వర్తించదు. చార్టర్డ్ అకౌంటెంట్లనూ ఉద్యోగ సంఘాలనూ పిలిచి ఒక్క పూట విన్నా, రిబేటును ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించే మార్గం గురించి ఆలోచించి ఉండేవారు.

సంఘం పరిశీలన ఎంత మేలు చేస్తుందో అదే ఏడాది చూశాం. 1961 నాటి చట్టం స్థానంలో తెచ్చిన ఆదాయపు పన్ను బిల్లును ఫిబ్రవరి 13న ప్రవేశపెట్టి, బైజయంత్ పాండా అధ్యక్షతన ఆ ఒక్క బిల్లు కోసమే వేసిన 31 మంది ఎంపీల సెలక్ట్ కమిటీకి పంపారు. కమిటీ 285 సిఫార్సులు చేసింది. గడువులోగా రిటర్ను వేయకపోతే రిఫండు అడిగే హక్కు పోయేలా మొదటి బిల్లులో ఒక నిబంధన ఉండేది. డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకు ముందే పన్ను (టీడీఎస్) కోసుకున్న పెన్షనరు ఆ నెలలో ఆస్పత్రిలో ఉండి గడువు దాటితే, తన సొమ్ము తనకు తిరిగి రాకుండా పోయేది. కమిటీ దాన్ని తొలగించమంది, ప్రభుత్వం ఒప్పుకుంది. పాత బిల్లును ఆగస్టు 8న ఉపసంహరించుకుని, మార్చిన బిల్లును 11న తెచ్చారు. విచారకరమేమిటంటే, ప్రతిపక్షాల నిరసనల మధ్య లోక్‌సభ చర్చ లేకుండా అదే రోజు కొన్ని నిమిషాల్లో దాన్ని ఆమోదించింది. అయినా కమిటీ గదిలో జరిగిన పని వృథా కాలేదు.

సంఘం లేనప్పుడు సవరణలు ఎటు తిరుగుతాయో ముందుగా తెలియదు. 2024 జులై బడ్జెట్‌లో ఇళ్లు, స్థలాల అమ్మకంపై ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి లాభం లెక్కించే సౌకర్యం) తీసేస్తే, జనం గట్టిగా అడిగాక ఆగస్టు 7న పాత ఆస్తులకు వెసులుబాటు ఇచ్చారు. 2023 మార్చిలో దీనికి పూర్తిగా విరుద్ధంగా జరిగింది. ఫిబ్రవరి 1 నాటి బిల్లులో లేనే లేని డెట్ మ్యూచువల్ ఫండ్ల (బాండ్లలాంటి రుణపత్రాల్లో పెట్టుబడి పెట్టే ఫండ్లు) పన్ను మార్పును చివరి క్షణపు సవరణగా తెచ్చి, గందరగోళం మధ్య గట్టెక్కించారు.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో నేరుగా సంబంధం ఉంది. ఆదాయపు పన్ను కేంద్రం ఒక్కదాని సొమ్ము కాదు. సెస్‌లు, సర్‌ఛార్జీలు పోగా మిగిలినదానిలో 41 శాతం రాష్ట్రాలకు పంచాలని, కేంద్ర పన్నుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం 2025-26 వరకు చెప్పింది. ఆ వాటాలో అప్పుడు ఆంధ్రప్రదేశ్‌ది 4.047 శాతం, తెలంగాణది 2.102 శాతం. ఆ లెక్కన లక్ష కోట్లు తగ్గితే ఉజ్జాయింపుగా ఆంధ్రప్రదేశ్‌కు రూ.1,650 కోట్లు, తెలంగాణకు రూ.860 కోట్లు తగ్గినట్టే. చేతిలో మిగిలిన డబ్బు జనం ఖర్చు పెడితే జీఎస్టీ రూపంలో కొంత తిరిగి రావచ్చు. అది ఎంతో లెక్కగట్టి సభ ముందు పెట్టాలి కదా! రాష్ట్రాల సభగా పేరున్న రాజ్యసభ కూడా, ఆర్థిక బిల్లు ద్రవ్య బిల్లు (పన్నులు, ప్రభుత్వ డబ్బుకు మాత్రమే సంబంధించినది) కాబట్టి 14 రోజుల్లోగా సిఫార్సులు చేయగలదు, అంతే. వాటిని తోసిపుచ్చే హక్కు లోక్‌సభకు ఉంది.

రాజ్యాంగం 117వ అధికరణ ఇంకో చిక్కు పెట్టింది. పన్నును ఇంకా తగ్గించాలనే సవరణను ఏ ఎంపీ అయినా తేవచ్చు. పెంచాలంటే రాష్ట్రపతి సిఫార్సు కావాలి, అంటే ఆచరణలో ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఈ తగ్గింపుతో రూ.12 లక్షల ఆదాయం ఉన్నవారికి మిగిలింది రూ.80 వేలు, రూ.25 లక్షలు ఉన్నవారికి రూ.1.10 లక్షలు. పై శ్లాబుల్లో ఇంత అవసరమా అని ఒక సభ్యుడు సవరణ పెట్టాలన్నా దారి లేదు. అలాంటి ప్రశ్న అడగడానికి మిగిలిన చోటు సంఘమే.

రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది ఉన్నారు. పార్టీలు వేరైనా వారంతా కలిసి అడగదగిన కోరిక ఇది. ఆర్థిక బిల్లులోని ఆదాయపు పన్ను భాగాన్ని బడ్జెట్ విరామంలోనే ఆర్థిక స్థాయీ సంఘానికి పంపాలి. శ్లాబుల మార్పు ఏప్రిల్ 1 నుంచి కాబట్టి ఆలస్యం అవుతుందనే సాకు నిలవదు. ప్రభుత్వ సవరణలు ఓటింగ్‌కు కనీసం వారం ముందు సభ్యుల చేతికి అందాలి. పన్ను తగ్గించిన ప్రతిసారీ ఏ రాష్ట్రానికి ఎంత తగ్గుతుందో బడ్జెట్ పత్రాల్లోనే పట్టిక వేసి చూపాలి. వచ్చే బడ్జెట్ లోపు మన ఎంపీల్లో ఒక్కరైనా ఈ మాట సభలో లేవనెత్తాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు, తెనాలి